వెయ్యి గజాల దగ్గర పాయింట్లు ఎక్కడ పోతాయి?

300 గజాల దగ్గర మీ షాట్లు దాదాపు అన్నీ టార్గెట్ నడిమధ్య రింగు, అంటే బుల్‌లోనే పడుతున్నాయని రాశారు. ఇంకో రెండు నెలల్లో మొదటిసారి 900, 1000 గజాల రైఫిల్ ఛాంపియన్‌షిప్‌లో దిగబోతున్నారు. స్కోపు లేకుండా, సన్నటి రంధ్రం గుండా గురి చూసే పీప్ సైట్లతో, చేతికి స్లింగ్ పట్టీ బిగించి, బోర్లా పడుకుని కాల్చే పద్ధతి మీది. ఈలోగా బారెల్ మార్చాలా, బరువైన బుల్లెట్‌కి మారాలా, ఏది కొంటే ఎక్కువ లాభం అన్నది మీ ప్రశ్న.

ఇప్పుడేమీ కొనకండి, ఏమీ మార్చకండి. పాతికేళ్లకు పైగా ఈ పోటీల్లో కాలుస్తున్నాను, కొత్తవాళ్లకు నేర్పిస్తున్నాను. మొదటి ఏడాది వెయ్యి గజాల దగ్గర దెబ్బతిన్నవాళ్లలో రైఫిల్ వల్ల దెబ్బతిన్నవాళ్లు నాకు చాలా తక్కువమంది కనిపించారు. మిగతావాళ్లందరి పాయింట్లూ ఒకే చోట పోయాయి. షాట్ పక్కకు పడినప్పుడు అది తమ చేతి తప్పో, గాలి పనో వాళ్లకు తెలియలేదు. తెలియకుండానే గురిని పక్కకు జరిపే సైటు మర తిప్పారు.

రైఫిల్ సంగతి ముందు తేల్చేద్దాం. 300 దగ్గర నిలకడగా బుల్ కొట్టే రైఫిల్ వెయ్యి దగ్గర కూడా పనికొస్తుంది, బుల్లెట్ టార్గెట్ చేరేదాకా ధ్వని వేగాన్ని మించి ఉంటే చాలు. .308 క్యాలిబర్‌లో 155 గ్రెయిన్ల బరువున్న మ్యాచ్ బుల్లెట్ సెకనుకు 2950 అడుగుల దరిదాపుల్లో బయల్దేరితే ఆ షరతు తీరిపోతుంది. 1860లో వింబుల్డన్‌లో ఇంగ్లండ్ రైఫిల్ అసోసియేషన్ మొదటి పోటీలు జరిగినప్పుడు, స్టాండుకు బిగించిన విట్‌వర్త్ రైఫిల్ ట్రిగ్గర్‌ను విక్టోరియా రాణి ఒక తాడుతో లాగారు. 400 గజాల దూరంలో ఆ బుల్లెట్ టార్గెట్ నడిమధ్యకు అంగుళంన్నర లోపే తగిలింది. రైఫిల్‌ను కదలకుండా పట్టుకుంటే అది తన పని తాను చేస్తుందని ఆ రోజుల్లోనే తెలుసు. మీ దగ్గరున్నది దానికంటే ఎన్నో రెట్లు మెరుగైన రైఫిల్.

ఇప్పుడు అంకెలు చూడండి, మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మేము గురి తేడాను మినిట్లలో కొలుస్తాం, అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. 1000 గజాల దగ్గర ఒక మినిట్ అంటే పదిన్నర అంగుళాలు. అమెరికాలో వాడే లాంగ్ రేంజ్ టార్గెట్‌లో 10 పాయింట్ల రింగు వెడల్పు 20 అంగుళాలు, 9 రింగు 30, 8 రింగు 44. నేను పైన చెప్పిన బుల్లెట్‌ని, నేరుగా పక్క నుంచి వచ్చే గాలి గంటకు ఒక మైలు వేగంతో వీస్తే చాలు, దాదాపు తొమ్మిది అంగుళాలు నెట్టేస్తుంది. ఒక మైలు గాలి చెంపకు తగిలినట్టు కూడా అనిపించదు. రెండు మైళ్ల మార్పు మీ కంటికి అందకుండా జరిగిపోతే, ఎంతో చక్కగా వదిలిన షాట్ కూడా మధ్య నుంచి 18 అంగుళాలు జరిగి 9 రింగును దాటి 8లో పడుతుంది. అదే మార్పు 300 దగ్గర అంగుళంన్నర జరుపుతుంది, అంతే. అందుకే ఇన్నాళ్లూ గాలిని పెద్దగా పట్టించుకోకుండానే మీకు బుల్స్ పడ్డాయి. ఏ బారెల్ కొన్నా, ఏ బుల్లెట్ కొన్నా ఈ తొమ్మిది అంగుళాలు కొంచెం తగ్గుతాయేమో గానీ పోవు.

కాబట్టి ఈ రెండు నెలలూ ఒక్క పని మీద పెట్టండి. దాన్ని మేము షాట్ కాల్ చెయ్యడం అంటాం. ట్రిగ్గర్ పడిన క్షణంలో ముందు సైటు రింగులో టార్గెట్ నలుపు ఎక్కడుందో కంటితో పట్టుకోవాలి. దాన్ని బట్టి షాట్ ఎక్కడ పడి ఉంటుందో, టార్గెట్‌ను కిందకి దించి షాట్ గుర్తు పెట్టే మార్కర్లు దాన్ని మళ్లీ పైకి లేపకముందే పెదవులు కదిలించి చెప్పుకోవాలి. "మధ్యలో", "మూడు గంటల వైపు అర మినిట్", "ఆరు గంటల వైపు, కాస్త కింద". గడియారం దిక్కులతో చెప్పడం అలవాటైతే రాసుకోవడం తేలిక. చెప్పలేకపోయారంటే ఆ క్షణంలో కళ్లు మూసుకున్నారనో, షాట్ వదలకముందే తల ఎత్తి చూడబోయారనో అర్థం. అప్పుడు సరిదిద్దుకోవాల్సింది గాలి లెక్కను కాదు.

దీనివల్ల ఏం ఒరుగుతుందో చెప్తాను. మధ్యలో అని కాల్ చేశారు, షాట్ మూడు గంటల వైపు ఒక మినిట్ దూరంలో పడింది. ఆ మినిట్ మొత్తం గాలిదే, సైటు తిప్పండి. ఇంకో షాట్: మూడు గంటల వైపు అర మినిట్ అని కాల్ చేశారు, ఒక మినిట్ దూరంలో పడింది. అందులో సగం మీది, సగం గాలిది. మొత్తం మినిట్ తిప్పేస్తే మీ చేతి తప్పును సైటు మీదకు ఎక్కించినట్టే, తర్వాతి మంచి షాట్ ఎడమకు పోతుంది. ఈ రెండూ కొత్తవాళ్లకు త్వరగానే అర్థమవుతాయి.

మూడో రకం మాత్రం అనుభవం ఉన్నవాళ్లను కూడా ముంచుతుంది. మూడు గంటల వైపు అర మినిట్ అని కాల్ చేశారు, షాట్ వెళ్లి సరిగ్గా వి-బుల్‌లో, అంటే బుల్ లోపలి చిన్న రింగులో పడింది. స్కోరు పలకలో అంతకంటే మంచి గుర్తు లేదు, వెనక కూర్చున్నవాళ్లు బాగుంది అంటారు. కానీ మీరు కుడికి వదిలిన షాట్ మధ్యలో పడిందంటే, గాలి ఈలోగా అర మినిట్ ఎడమకు నెట్టిందని అర్థం. సైటు అలాగే ఉంచి తర్వాతి షాట్‌ని మధ్యలో వదిలితే అది ఎడమకు పోతుంది. ఆ పాయింట్ ఎందుకు పోయిందో కాల్ చెయ్యనివాళ్లకు ఎప్పటికీ తెలియదు. "అన్నీ బాగానే చేశాను, ఉన్నట్టుండి ఐదుకు నాలుగే పడింది" అని నా దగ్గరకు వచ్చి చెప్పేవాళ్ల కథ చాలాసార్లు ఇదే. అందుకే నేను నేర్పేటప్పుడు బుల్ పడిన షాట్లనే ఎక్కువగా ప్రశ్నిస్తాను.

కాల్ నేర్చుకోవడానికి వెయ్యి గజాలు అక్కర్లేదు. మీ 300 గజాల రేంజ్ చాలు, గాలి జోక్యం తక్కువ కాబట్టి అక్కడే ఇంకా మంచిది. చాంబర్ ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని ఇంట్లో చేసే డ్రై ఫైరింగ్, అంటే తూటా లేకుండా ట్రిగ్గర్ నొక్కడం కూడా పనికొస్తుంది. కాల్చగానే స్పాటింగ్ స్కోపులోకి, అంటే టార్గెట్ చూసుకోవడానికి పక్కన పెట్టుకునే దుర్బిణిలోకి చూడకండి. ముందు పుస్తకంలో కాల్ గుర్తు పెట్టండి, ఆ తర్వాతే చూడండి. నాలుగైదు వారాల్లో మీ కాల్‌కీ అసలు షాట్‌కీ తేడా అర మినిట్ లోపలికి వస్తుంది. అప్పుడు మీరు వెయ్యి గజాలకు సిద్ధమైనట్టు.

పుస్తకం అన్నాను కదా, ప్లాట్ బుక్ లేకుండా లాంగ్ రేంజ్ కాల్చవద్దు. ప్రతి షాట్‌కీ మూడు విషయాలు: కాల్ ఎక్కడ, పడింది ఎక్కడ, అప్పుడు సైటు మీద గాలికి ఎంత పెట్టి ఉంది. వీటి నుంచి నాలుగోది మీరే లెక్కగట్టాలి: షాట్ మధ్యలో వదిలి ఉంటే, అది మధ్యలో పడటానికి ఎంత పెట్టి ఉండాల్సింది? పది షాట్లయ్యేసరికి ఆ నాలుగో వరస చూస్తే ఆ రోజు గాలి ఎక్కడి నుంచి ఎక్కడికి ఊగుతోందో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది.

నా మొదటి ఫైనల్‌లో నేను పుస్తకం తెరిచాను గానీ వాడలేదు. గాలి ఎడమ నుంచి రెండు, మూడు మినిట్ల మధ్య ఊగుతోంది. షాట్ కుడికి పడితే ఎడమకు తిప్పాను, తిప్పేలోగా గాలి తగ్గింది, షాట్ ఎడమకు పడింది. మళ్లీ కుడికి తిప్పాను, మళ్లీ గాలి పెరిగింది. పదిహేను షాట్లూ అలాగే గాలి వెనక ఒక్క అడుగు ఆలస్యంగా పరిగెత్తాను. ఆ రాత్రి కూర్చుని లెక్క వేస్తే, రెండున్నర మీద పెట్టి అసలు సైటు ముట్టుకోకుండా ఉంటే దాదాపు అన్ని షాట్లూ బుల్‌లో పడేవని తేలింది. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. అప్పటినుంచీ ఫైరింగ్ పాయింట్ మీదకు పిలవకముందే ఇరవై నిమిషాలు వెనక కూర్చుని, ఆ రేంజ్‌లో గాలి కనీసం ఎంత, గరిష్ఠం ఎంత అని రాసుకోకుండా నేను రైఫిల్ ముట్టుకోను. షాట్‌ని బట్టి తిప్పాలనిపించినప్పుడు ఆ రెండు అంకెల మధ్యలో ఉన్నానా లేదా అని ముందు చూసుకుంటాను.

గాలి చూడటం గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే అందరూ జెండాలనే నమ్ముకుంటారు. తేలికపాటి గాలిలో జెండా కన్నా ఎండమావి ఎక్కువ నిజం చెప్తుంది. ఎండలో రోడ్డు మీద నీళ్లలా కదిలేదే ఇదీ. స్పాటింగ్ స్కోపును టార్గెట్ మీద కాకుండా దానికి కాస్త ఇవతల ఫోకస్ చెయ్యండి, ఎండమావి ఏటి నీరులా ఎటు పారుతోందో కనిపిస్తుంది. పారే వేగాన్ని బట్టి గాలి వేగం. గాలి గంటకు పది పన్నెండు మైళ్లు దాటాక అది సన్నగా, తిన్నగా అయిపోయి తేడా తెలియదు, అప్పుడిక జెండాలే దిక్కు. ఒక్క జాగ్రత్త: ఎండమావి ఎటూ పారకుండా నిటారుగా పైకి మరుగుతున్నట్టు కనిపిస్తే గాలి లేదనుకుని గబుక్కున కాల్చకండి. గాలి దిక్కు మార్చుకునే ముందు చాలాసార్లు అలాగే ఉంటుంది. అది మళ్లీ ఏదో ఒక వైపు పారడం మొదలయ్యేదాకా ఆగడం మేలు.

జెండాల విషయంలో కోణం ముఖ్యం. గాలి మీ కాల్పు రేఖకు 30 డిగ్రీల కోణంలో వస్తే దాని బలంలో సగమే పక్కకు పనిచేస్తుంది. 45 డిగ్రీలైతే సగం కాదు, డెబ్బై శాతం. ఇక్కడ చాలామంది పొరబడతారు. అన్నిటికంటే ప్రమాదం మీ వెనక నుంచో, ఎదురుగానో వచ్చే గాలి. బలంగా ఉన్నా సైటు మీద సున్నా పెడతాం కదా అని తేలిగ్గా తీసుకుంటారు. అది పది డిగ్రీలు అటూ ఇటూ ఊగినా కుడి గాలి ఎడమ గాలి అయిపోతుంది. అలాంటి రోజు పక్క గాలి రోజుకంటే ఎక్కువ కష్టం.

ఇంకొకటి. బారెల్‌లో గాడులు కుడికి తిరిగి ఉంటే ఎడమ గాలి బుల్లెట్‌ని కుడికే కాదు, కొంచెం కిందకి కూడా నెడుతుంది. కుడి గాలి ఎడమకీ, కొంచెం పైకీ. అంటే షాట్లు పది గంటల నుంచి నాలుగు గంటల వైపు ఏటవాలుగా పరుచుకుంటాయి. మీ ప్లాట్‌లో ఈ ఏటవాలు కనిపిస్తే ఎలివేషన్, అంటే గురి ఎత్తు చెడిందని కంగారుపడకండి, అదీ గాలి పనే. అలాగే బుల్లెట్ తిరుగుడు వల్లే అది వెయ్యి గజాల దగ్గర దాదాపు ఒక మినిట్ కుడికి జరుగుతుంది. 100 గజాల దగ్గర సరిచూసిన గాలి సున్నా వెయ్యి దగ్గర సున్నా కాదని గుర్తుంచుకోండి.

పోటీ పద్ధతిని బట్టి ఈ జ్ఞానం వాడే తీరు మారుతుంది. ఇంగ్లండ్‌లోని బిస్లీ రేంజ్ తరహాలో ఇద్దరు ముగ్గురు ఒకే టార్గెట్ మీద వంతులవారీగా కాలుస్తారు. మీ వంతు వచ్చాక 45 సెకన్ల లోపు వదలాలి. గాలి నచ్చే దాకా ఆగే వీలు ఉండదు, ప్రతి షాట్‌కీ కొత్తగా లెక్క వేయాలి. ఒకరే వరసగా కాల్చే పద్ధతిలో మొత్తం సమయం మీ చేతిలో ఉంటుంది కాబట్టి ఒక రకం గాలిని ఎంచుకుని అది వచ్చినప్పుడే కాల్చవచ్చు. మీరు దిగబోయేది ఏ పద్ధతో నిబంధనల పుస్తకంలో చూసి దానికి తగ్గట్టు సాధన చెయ్యండి. బిస్లీ నిబంధనల ప్రకారం రెండు సైటర్లుంటాయి, అంటే స్కోరుకు ముందు గురి సరిచూసుకునే షాట్లు. రెండూ బాగా పడితే రెండింటినీ స్కోరులోకి మార్చుకోవచ్చు, లేదా రెండోదాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు, మొదటిదాన్ని ఒక్కదాన్నే మార్చుకోవడం కుదరదు. నా సలహా: మొదటి ఏడాది రెండో సైటర్ కాల్ చేసిన చోటే పడితేనే మార్చుకోండి. అదృష్టవశాత్తూ బుల్ పడితే వదిలెయ్యండి, దాన్నుంచి మీకు ఇంకా గాలి తెలియలేదు.

ఎలివేషన్ గురించి క్లుప్తంగా. తూటాల మధ్య వేగంలో సెకనుకు 30 అడుగుల తేడా ఉంటే వెయ్యి గజాల దగ్గర ఎనిమిది తొమ్మిది అంగుళాలు పైకీ కిందకీ పోతుంది. కాబట్టి ఒకే బ్యాచ్ తూటాలు వాడండి, ఎండలో పెట్టకండి, తడవనివ్వకండి. వేడెక్కిన చాంబర్‌లో తూటా పెట్టి గాలి కోసం ఎదురుచూడకండి. కాల్చడానికి సిద్ధమయ్యాకే లోపల పెట్టండి. ముందు సైటు రింగు మరీ చిన్నది పెట్టుకుంటే గురి కచ్చితంగా ఉంటుందని అందరూ అనుకుంటారు. నిజానికి నలుపు చుట్టూ తెలుపు ధారాళంగా కనిపించే రింగే ఎలివేషన్‌ను నిలబెడుతుంది, మబ్బు పట్టినప్పుడు మరీనూ.

దూరం మారినప్పుడు సైటు మార్చడం మర్చిపోవడం చాలా మామూలు తప్పు. 1876లో అమెరికాలోని క్రీడ్‌మూర్‌లో మొదలైన పాల్మా మ్యాచ్ 800, 900, 1000 గజాల మీద జరుగుతుంది, బిస్లీ పెద్ద పోటీలో 300 నుంచి 1000 దాకా వెళ్తారు. ఒకసారి 600 నుంచి 900కి వెళ్లి, ఎలివేషన్ పెంచకుండానే పడుకున్నాను. ఆ తేడా పన్నెండు పదమూడు మినిట్లు. రెండు సైటర్లూ టార్గెట్ కింద మట్టిలోకి పోయాయి, గాలి గురించి ఏమీ తెలియకుండా లెక్కలోకి వచ్చే మొదటి షాట్ కాల్చాల్సి వచ్చింది. అప్పటినుంచీ ప్రతి దూరానికీ సైటు అంకెలు ఒక చీటీ మీద రాసి రైఫిల్ పిడికి అంటించుకుంటున్నాను, పడుకున్నాక మొదట చదివేది అదే. రెండోది టార్గెట్ నంబర్. పదుల టార్గెట్లు ఒకే వరసలో ఉన్నప్పుడు పక్కవాళ్ల టార్గెట్ మీద బుల్ కొట్టి సున్నా తెచ్చుకున్నవాళ్లు ప్రతి పోటీలోనూ ఉంటారు. ప్రతి షాట్ ముందూ నంబర్ చదవండి.

టెన్షన్ గురించి మీరు అడగలేదు, కానీ అది వస్తుంది. బిస్లీ ఫైనల్‌లో 900 దగ్గర 15, 1000 దగ్గర 15 షాట్లు. ఒక్కోదానికి 5 చొప్పున 150, సమానమైతే వి-బుల్స్ లెక్కిస్తారు. 1930లో అక్కడి ప్రధాన పోటీ కింగ్స్ ప్రైజ్ గెలిచిన మొదటి మహిళ మార్జరీ ఫోస్టర్ ఒక్క పాయింట్ తేడాతో గెలిచారు. ఆడా మగా ఒకే వరసలో పోటీపడే ఆట ఇది. టెన్షన్‌లో గుండె కొట్టుకోవడం స్లింగ్ గుండా రైఫిల్‌లోకి వచ్చి సైటు ఎగురుతుంది. దాన్ని ఆపాలని చూడకండి, ఎగిరినా ఎక్కడ వదిలారో కాల్ చెయ్యండి. కాల్ మీద ధ్యాస ఉన్నంతసేపు స్కోరు మీదకు పోదు. నాకు పనిచేసిన మందు ఇదొక్కటే.

స్కోపూ, రైఫిల్‌ను నిలిపే రెండు కాళ్ల బైపాడూ పెట్టి కాల్చే ఎఫ్ క్లాస్‌కి మారితే తేలిక కదా అని కూడా చివర్లో అడిగారు. కెనడాలో జార్జ్ ఫార్క్వార్సన్ మొదలుపెట్టిన మంచి విభాగం అది, కళ్లు సహకరించనివాళ్లు ఎంతోమంది అందులో ఆనందంగా కాలుస్తున్నారు. కానీ అక్కడ రింగులు మనవాటిలో సగం సైజు. పట్టు కుదిరిపోతుంది, గాలి తప్పుకు మాత్రం రెట్టింపు శిక్ష. ఇక్కడ గాలి చదవడం నేర్చుకుని వెళ్తే అక్కడా పనికొస్తుంది.

ఇక బారెల్. పోటీ అయ్యాక మీ ప్లాట్ షీట్లు తీసి, మధ్యలో అని కాల్ చేసిన షాట్లను మాత్రమే విడిగా గుర్తించండి. అవి కుడి ఎడమలకు పరుచుకుని ఉంటే అది గాలి, ఇంకో ఏడాది ఇదే రైఫిల్‌తో సాధన చెయ్యండి. గాలి ఏటవాలు పక్కన పెట్టాక కూడా అవి పైకీ కిందకీ ఒకటిన్నర మినిట్లకు మించి చెదిరి ఉంటే, ముందు తూటాల బ్యాచ్ మార్చి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే, బారెల్ కొనమని నేనే చెప్తాను.